మక్పేలా గుహ దగ్గర

22 ఏళ్ళుగా సండే స్కూల్‌లో పాఠాలు చెబుతున్నాను. దేవుని వాగ్దానం నమ్మి సొంత ఊరు వదిలి వచ్చిన అబ్రాహాము కథ ఏటా వస్తుంది. పిల్లల చేత ఆకాశం నిండా నక్షత్రాలు గీయిస్తాను, పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలుకు రంగులు వేయిస్తాను. బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండంలో 22వ అధ్యాయం అయిపోగానే 24కి వెళ్ళి బావి దగ్గర రిబ్కా కథ మొదలుపెడతాను. మధ్యలో 23వ అధ్యాయం ఒక్కసారి కూడా చెప్పలేదు. ఒక ముసలాయన భార్య సమాధికి స్థలం అడగడం తప్ప అందులో పిల్లలకు చెప్పాల్సిందేముంది అనుకునేదాన్ని.

2019 ఫిబ్రవరిలో పిన్నితో కలిసి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్ళాను. మా డెల్టా ఊళ్ళ నుంచి పాస్టర్ గారి వెంట 38 మందిమి బయలుదేరి, హైదరాబాదులో విమానం ఎక్కి, జోర్దానులోని అమ్మాన్‌లో దిగాం. మొదట చూసింది నెబో కొండ. ఇశ్రాయేలీయులను నడిపించుకొచ్చిన మోషే, దేవుడిస్తానన్న వాగ్దాన దేశాన్ని కళ్ళారా చూసి, అందులో అడుగు పెట్టకుండానే చనిపోయిన చోటు. ఇప్పుడది ఫ్రాన్సిస్కన్ సన్యాసుల సంరక్షణలో ఉంది. కొండ అంచున సర్పం చుట్టుకున్న సిలువ శిల్పం దగ్గర నిలబడితే కింద మృత సముద్రం, దాని పైకొసన యెరికో వైపు పచ్చదనం కనిపించాయి. ఆకాశం తేటగా ఉంటే యెరూషలేము కూడా కనపడుతుందట. మేం వెళ్ళిన రోజు అటువైపంతా మసకే.

"నలభై ఏళ్ళు నడిపించుకొచ్చి, తీరా ఇక్కడికి వచ్చాక ఆపేశాడేంటే దేవుడు?" అంది పిన్ని. ఆమెకు 68 ఏళ్ళు. ఆ మాట అడిగేటప్పుడు గొంతు వణికింది. కారణం బైబిల్లో ఉందని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె అడిగింది కారణం కాదు. పాస్టర్ గారు హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తీసి, హేబెలు దగ్గర మొదలుపెట్టి హనోకు, నోవహు, అబ్రాహాము, శారా వరకు చదువుకుంటూ వచ్చారు. వాళ్ళంతా వాగ్దానాల ఫలం చేతికి అందకపోయినా "దూరమునుండి చూచి వందనముచేసి" విశ్వాసంతోనే చనిపోయారన్న మాట దగ్గర ఆయన ఆగారు. ఎన్నిసార్లు విన్న మాటో. ఆ కొండ మీద మాత్రం కొత్తగా వినిపించింది.

తర్వాతి నాలుగైదు రోజులు అందరూ చూసేవే మేమూ చూశాం. బేత్లెహేములో ఒక బుధవారం ఖాళీ దొరికింది. చాలామంది ఒలీవ చెక్క బొమ్మలు కొనడానికి వెళ్ళారు. పాస్టర్ గారు, పిన్ని, నేను, ఇంకో ఇద్దరం కలిసి ఒక వ్యాన్ మాట్లాడుకుని హెబ్రోనుకు బయలుదేరాం. దక్షిణంగా పాతిక కిలోమీటర్ల లోపే. దారి పొడవునా రాళ్ళ గట్లు, ఆకు రాలిన ద్రాక్ష తోటలు.

అబ్రాహాము శారాను పాతిపెట్టిన మక్పేలా గుహ ఆ ఊళ్ళోనే ఉంది. దాని మీద హేరోదు రాజు కట్టించిన పెద్ద ప్రహరీ రెండు వేల ఏళ్ళుగా అలాగే నిలబడి ఉంది. లోపల ఒకవైపు మసీదు, ఒకవైపు యూదుల ప్రార్థనా స్థలం. ఇస్సాకు, రిబ్కాల సమాధులు మసీదు వైపు, యాకోబు, లేయాల సమాధులు యూదుల వైపు. అబ్రాహాము, శారాల సమాధులు మధ్యలో. సైనికులు నిలబడిన తనిఖీ గేట్లు దాటుకుంటూ వెళ్ళాలి. 1994లో ఇక్కడ ప్రార్థన చేసుకుంటున్న ముస్లింల మీద కాల్పులు జరిగాయి, 29 మంది చనిపోయారు. ఆ తర్వాతే ఈ విభజన ఇంత కట్టుదిట్టంగా మారింది. అబ్రాహామును ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరూ కలిసి పాతిపెట్టారని ఆదికాండం 25లో ఉంది. ఆ ఒక్క వాక్యం తలుచుకుంటూ చెప్పులు విప్పాను.

మసీదులోకి వెళ్ళే ముందు ఆడవాళ్ళకు టోపీ ఉన్న పొడుగాటి అంగీ ఇచ్చారు. లోపల తివాచీల మధ్య ఒక చోట నేలలో చిన్న రంధ్రం, దాని మీద చిల్లులున్న మూత. వంగి చూస్తే లోతున చీకట్లో ఒక దీపం. అసలు గుహ ఆ కిందే ఉంది, ఎవరినీ దిగనివ్వరు. పిన్ని మోకాళ్ళ నొప్పితోనే కూర్చుని చాలాసేపు ఆ చిల్లుల్లోకి చూసింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక పాస్టర్ గారు 23వ అధ్యాయం మొత్తం చదివారు. శారా 127 ఏళ్ళకు చనిపోయింది. అప్పటికి అబ్రాహాముకు 137. ఆయన 75వ ఏట కనానుకు వచ్చాడు. అంటే ఈ దేశమంతా నీ సంతానానికి ఇస్తానన్న దేవుని మాట నమ్ముకుని 62 ఏళ్ళు గుడారాల్లో గడిపాక, భార్యను పాతిపెట్టడానికి సొంత జాగా లేదు. హిత్తీయుల ముందు నిలబడి "పరదేశిని, పరవాసిని" అని చెప్పుకున్నాడు. ఆ ఊరివాళ్ళ ముందు రెండుసార్లు సాగిలపడ్డాడు.

అక్కడికొచ్చేసరికి నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

నాన్నగారు 2011 ఆగస్టులో ప్రభువు పిలుపు అందుకున్నారు. మూడు రోజులుగా వాన. మా సమాధుల తోట కాలువ అవతల ఉంది, దానికి దారి ఒకరి చేను గట్టు మీదుగానే. ఆ రోజు ఆ రైతు పెట్టె అటుగా తీసుకెళ్ళొద్దన్నాడు. అన్నయ్య ఆ బురదలోనే వంగి చేతులు జోడించాడు. సంఘ పెద్దలూ బతిమాలారు. గంటన్నర తర్వాత సరేనన్నాడు. నాన్నగారి పెట్టె మీద కప్పిన తెల్లగుడ్డ అప్పటికే తడిసి ముద్దయింది. అన్నయ్య అలా వంగడం నాకు ఏళ్ళ తరబడి మనసులో ముల్లులా ఉండిపోయింది. మనం నమ్మిన దేవుడు ఆ గట్టు కూడా ఇప్పించలేకపోయాడా అని ఎవరితోనూ అనలేదు గానీ, లోపల అనుకున్నాను.

విశ్వాసులకు తండ్రి అని మనం చెప్పుకునే మనిషీ అలాగే వంగాడు. దేవుడు ఆయన్ని వదిలేసినందుకు కాదు. వాగ్దానం ఉన్నవాడు కూడా వంగాల్సి వస్తుందని, దానివల్ల వాగ్దానం ఏమీ తగ్గదని 22 ఏళ్ళు పిల్లలకు చెప్పకుండా దాటేసింది నేనే. ఆ పొలం యజమాని ఎఫ్రోను ఊరికే ఇస్తానన్నా అబ్రాహాము తీసుకోలేదు. 400 తులముల వెండి, అదీ వర్తకుల లెక్క ప్రకారం, అందరి ఎదుట తూచి ఇచ్చాడు. ఆ తర్వాత వాక్యం వింటుంటే దస్తావేజు చదువుతున్నట్టే ఉంది: ఆ పొలం, అందులోని గుహ, పొలం హద్దుల్లో ఉన్న చెట్లన్నీ.

"మన దారి కాగితంలో కూడా రెండు తాడిచెట్లు రాయించారు కదే" అంది పిన్ని నెమ్మదిగా. నిజమే. నాన్నగారు పోయిన మూడేళ్ళకు సంఘమంతా చందాలు వేసుకుని ఆ గట్టు పక్కన సమాధుల తోటకు దారి కొన్నారు. రిజిస్ట్రేషన్ కాగితంలో నాలుగు హద్దులూ, ఆ రెండు చెట్లూ ఉన్నాయి.

ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 21న వచ్చింది. తెల్లవారుజామున కొవ్వొత్తులతో ఆ దారి వెంటే నడిచి వెళ్ళాం. ముందురోజే సున్నం వేసిన నాన్నగారి సమాధి దగ్గర నిలబడి, సెల్‌ఫోన్ వెలుగులో ఆదికాండం 23 గట్టిగా చదివాను. అన్నయ్య తల దించుకుని విన్నాడు. అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ చెట్ల దగ్గర నుంచి మళ్ళీ ఒకసారి చదువమ్మా" అన్నాడు.