నేను బతికాను, ఆ అక్క బతకలేదు

మెడ పక్కన నొప్పి లేని గడ్డ. రాత్రిళ్లు దుప్పటి తడిసిపోయేంత చెమట. కారణం లేకుండా తగ్గిపోతున్న బరువు. బయాప్సీ చేశాక హాడ్జ్‌కిన్ లింఫోమా అని, అంటే లింఫు గ్రంథులకు వచ్చే ఒక క్యాన్సర్ అని తేలింది. నయమయ్యే అవకాశం బాగా ఉన్న క్యాన్సర్లలో ఇదొకటని డాక్టరు గారు అప్పుడే చెప్పారు. ఆ మాట పట్టుకునే ఇంటికొచ్చాం.

నాకు ఇచ్చింది ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమో, పదిహేను రోజులకోసారి. అందులో డాక్సోరూబిసిన్ ఎర్రగా ఉంటుంది. పక్కన సెలైన్ ఎక్కుతుండగా నర్సు దాన్ని సిరంజీతో చాలా నెమ్మదిగా ఎక్కించేది. మధ్యలో ఆగి, కొంచెం వెనక్కి లాగి, రక్తం వస్తోందో లేదో చూసుకునేది. ఆ మందు నరం దాటి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ దెబ్బతింటుంది. "మంటగా ఉంటే వెంటనే చెప్పమ్మా" అంటూ నా చేతి మీద నుంచి చూపు తిప్పేది కాదు. ఆఖరి మందు డాకార్బజీన్‌కి వెలుతురు తగలకూడదని తొడుగు వేసేవాళ్లు. అది ఎక్కుతున్నంతసేపూ పక్క కుర్చీలో ఉన్న అక్కతో మాట్లాడుతూ ఉండేదాన్ని.

ఆమెది అండాశయ క్యాన్సర్. తగ్గిందనుకున్నాక తిరగబెట్టింది. నాలాగే విశ్వాసి. ఆమెకు చావు గురించి మాట్లాడాలని ఉండేది, కానీ ఎవరూ మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. నోరు విప్పగానే "అలా అనకూడదు, విశ్వాసంతో ఉండు, ప్రభువు స్వస్థపరుస్తాడు" అని మాట మార్చేసేవారు. "చెల్లీ, నేను పోతున్నానని నాకు తెలుసు. తెలియనట్టు ఉండటమే కష్టంగా ఉంది" అంది ఒకసారి. మాటలు మానేసిన తమ్ముడితో సమాధానపడాలని, సమాధి దగ్గర ఏ పాట పాడాలో చెప్పాలని, పిల్లలకు కొన్ని మాటలు రాసిపెట్టాలని ఆమె కోరిక. ఇవన్నీ నాతో చెప్పింది. నేనూ జబ్బుమనిషినే కాబట్టి బెదిరిపోనని అనుకుందేమో. నిజానికి చాలా భయమేసింది. అయినా విన్నాను.

ఆ రోజుల్లోనే బైబిల్లో పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక చదువుతున్నాను. "చావైతే లాభము" అన్న పౌలు మాట మనందరికీ కంఠస్థమే. అదే పత్రికలో, రెండో అధ్యాయంలో, ఎపఫ్రొదితు అనే స్నేహితుడు చావుదాకా వెళ్లి కోలుకున్న సంగతి రాస్తాడు. దేవుడు అతన్ని కనికరించాడనీ, "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా తననూ కనికరించాడనీ అంటాడు. చావు లాభమన్న మనిషే స్నేహితుడు చచ్చిపోయి ఉంటే కుమిలిపోయేవాణ్నని ఒప్పుకుంటున్నాడు. ఆ వాక్యం నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. బతకాలని ఏడ్చినంత మాత్రాన నా విశ్వాసం తక్కువైపోదని అర్థమైంది.

అక్కకు మందులు పనిచేయడం మానేశాక పాలియేటివ్ కేర్ డాక్టరు, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించే డాక్టరు, చూడటం మొదలుపెట్టారు. నొప్పి తగ్గించే గట్టి మందు మార్ఫిన్ పేరెత్తగానే ఇంట్లోవాళ్లు ఇక ఆశ వదిలేసుకున్నట్టేనని గోల పెట్టారు. కానీ ఆ మందు పడ్డాకే ఆమె లేచి కూర్చుంది, తమ్ముణ్ని పిలిపించుకుంది. ఈ వైద్యానికి దారి చూపిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు, తర్వాత డాక్టరు, గట్టి క్రైస్తవురాలు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ అని, చావుకు దగ్గరైనవాళ్లను చూసుకునే చోటు తెరిచారు. నొప్పి ఒంటికే కాదు, మనసుకు, ఇంటికి, ఆత్మకు కూడా ఉంటుందనీ, అన్నిటినీ కలిపి చూడాలనీ ఆవిడ నేర్పారు. అక్క విషయంలో అది కళ్లారా చూశాను.

ఆమె పోయేనాటికి నా స్కాన్ క్లియర్‌గా వచ్చింది. సమాధి కార్యక్రమంలో ఒకాయన "విశ్వాసులు ఏడవకూడదు" అన్నాడు. థెస్సలొనీకయులకు పౌలు అలా రాయలేదు. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దన్నాడు, అంతే. స్తెఫనును సమాధి చేసినప్పుడు భక్తిపరులు ఎంతో ప్రలాపించారని అపొస్తలుల కార్యములలో ఉంది. చనిపోయిన లాజరును లేపబోతున్న యేసు కూడా ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేను ఆ రోజు గట్టిగానే ఏడ్చాను.

తర్వాత సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. "నీ విశ్వాసమే నిన్ను బతికించింది" అని ఒకామె అంటే నాకు ఒళ్లు మండింది. మరి అక్కకు విశ్వాసం లేదా? ప్రార్థనలో నాకంటే ఎన్నో రెట్లు గట్టి మనిషి. నా జబ్బుకు మంచి మందు ఉంది, అది నా ఒంటికి పనిచేసింది, దేవుడు నన్ను కనికరించాడు. ఆమెను కనికరించలేదని మాత్రం ఒప్పుకోను. తమ్ముడి చేయి పట్టుకుని, నొప్పి లేకుండా, భయం లేకుండా వెళ్లింది. సాక్ష్యంలో ఇద్దరి సంగతీ చెప్పాను. కొందరికి నచ్చలేదు.

ఇప్పుడు ఇంకో స్కాన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గానే ఉంది. ఈలోగా మా సంఘంలోనే ఒక పెద్దావిడకు ఇక కీమో ఇవ్వలేమని చెప్పేశారట. ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్తున్నాను. ఆవిడ ఏం మాట్లాడాలనుకుంటే అదే మాట్లాడుకుంటాం.