ఓర్టేలియస్ అట్లాసు చూడ్డానికి వెళ్లిన రోజు

కుర్చీల కోసం ఎస్టేట్ సేల్‌కి, అంటే ఒక ఇంట్లోని పాత సామానంతా అమ్మేసే చోటికి వెళ్లి, పటం కొనుక్కొచ్చాను. ఫ్రేముతో సహా 40 డాలర్లు. హిందూ మహాసముద్రం, దీవులు, ఓడలు, సముద్రంలో అద్దం పట్టుకున్న మత్స్యకన్య. ఎడమ పక్కన మన ద్వీపకల్పం కాస్త నలిగిపోయినట్టుంది. దాని మీద నర్సింగ అని పేరు. అప్పట్లో యూరప్ వాళ్లు విజయనగర రాజ్యాన్ని అలాగే పిలిచేవారు, సాళువ నరసింహరాయల పేరు మీద. ఆ ఒక్క మాట చూసే కొన్నాను.

ఇంటికొచ్చి వెతికితే అది పదహారో శతాబ్దంలో పటాలు తయారుచేసిన అబ్రహాం ఓర్టేలియస్ అట్లాసులోని పటమని తేలింది. 1570 మే 20న ఇప్పటి బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో మొదటిసారి అచ్చయిన పుస్తకం. ఒకే కొలతలో పటాలు గీయించి, పక్కనే వివరణతో పుస్తకంగా కుట్టడం అప్పటికి కొత్త. అట్లాసు అనే పేరు కూడా అప్పటికి లేదు, అది 1595లో మెర్కేటర్ అనే మరో పటాల తయారీదారు పుస్తకంతో వచ్చింది. ఓర్టేలియస్ తన పుస్తకానికి భూమండల రంగస్థలం అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఇదంతా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అసలుదైతే వేల డాలర్లు! "ముందు ఆ కుర్చీల సంగతి చూడండి" అంది మా ఆవిడ.

మర్నాడు ఫ్రేము విప్పాను. వెనక ఏమీ లేదు, తెల్లగా ఉంది. ఓర్టేలియస్ అట్లాసులో పటం వెనకవైపు ఆ దేశం గురించిన వివరణ అచ్చయి ఉంటుంది. ఏ భాషలో ఉంది, పేజీ అంకె ఎంత అన్నదాన్ని బట్టే అది ఏ ముద్రణదో చెబుతారు. ఇక టేపు పెట్టి కొలిస్తే, అసలు పటం అడ్డంగా సుమారు 50 సెంటీమీటర్లు ఉండాలి, నాది 40 కూడా లేదు. భూతద్దం పెట్టి చూస్తే గీతలన్నీ చుక్కలు చుక్కలుగా విడిపోయాయి, పాత సినిమా పోస్టర్‌లో బొమ్మలాగా. ఆఫ్‌సెట్ అచ్చు, అంటే ఈ కాలపు యంత్రం మీద వేసినది. అంతటితో కథ ముగిసినట్టే.

కానీ నాకు ఊరుకోబుద్ధి కాలేదు. నకలు చేతిలో ఉంది కదా, అసలుది ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనిపించింది. మేముండేది వర్జీనియాలో. మెట్రోలో వెళ్తే వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, అమెరికా పార్లమెంటు గ్రంథాలయం. అక్కడి పటాల విభాగానికి ఆన్‌లైన్‌లో ప్రశ్న పంపాను. స్కాన్లు వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదా, అసలు పుస్తకమే ఎందుకు కావాలో చెప్పమని జవాబొచ్చింది. న్యాయమైన ప్రశ్నే. నాలుగున్నర శతాబ్దాల నాటి కాగితం, తిప్పిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. ఉద్యోగానికి కూడా అంత జాగ్రత్తగా ఉత్తరం రాసి ఉండను. చూడాలనుకుంటున్నది బొమ్మ కాదనీ, పటాన్ని అచ్చు వేసిన రాగిరేకు కాగితంలో దిగిన గుర్తు, వెనకవైపు అచ్చు, కాగితం తీరు అనీ వివరంగా రాశాను. ఒక రోజు ఖాయం చేశారు.

అక్కడ చదువుకోడానికి తీసుకోవాల్సిన రీడర్ కార్డు దగ్గర నేను ఊరికే టెన్షన్ పడ్డాను. ఫోటో ఐడీ చూపిస్తే చాలు, పరిశోధకుణ్ణని నిరూపించుకోనక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ లైబ్రరీకి చెందిన మాడిసన్ భవనంలో కార్డు తీసుకుని, బేస్‌మెంట్‌లోని పటాల గదికి వెళ్లాను. బ్యాగు, కోటు బయటే. పెన్ను జేబులోనే ఉండిపోయిందని అక్కడి ఆవిడ నవ్వుతూ తీయించి పెన్సిల్ ఇచ్చింది. తెల్ల గ్లౌజులు ఇస్తారనుకుని ఎదురుచూస్తున్నాను. అక్కర్లేదట, శుభ్రంగా చేతులు కడుక్కుని తడి లేకుండా తుడుచుకుని రమ్మంది. గ్లౌజులు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక కాగితం చిరిగే ప్రమాదమే ఎక్కువని చెప్పింది. భోజనానికి కూర్చునే ముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా కడుక్కొచ్చాను.

పుస్తకాన్ని మెత్తటి దిమ్మెల మధ్య ఆనించి, పూర్తిగా వాల్చకుండా తెరిచింది. పటాలు నడుమ మడతపెట్టి ఉన్నాయి. మడత వెనక ఒక కాగితపు పట్టీ అంటించి, ఆ పట్టీని కుట్టారు. అందుకే తెరిస్తే సముద్రం కుట్టులోకి పోకుండా మొత్తం పరుచుకుంటుంది. నేను వెతుకుతున్న పటం దగ్గర ఆపి, దీపాన్ని పక్కకు వంచింది. అప్పుడు కనిపించింది: పటం చుట్టూ సన్నటి గాడి. తడిపిన కాగితాన్ని సిరా పట్టించిన రాగిరేకు మీద పరిచి, రోలర్ల మధ్య నొక్కినప్పుడు రేకు అంచు దిగబడ్డ చోటు అది. స్కాన్‌లో నాకెక్కడా ఇది కనపడలేదు. భూతద్దం కింద గీతలు చుక్కలుగా విడిపోలేదు. మత్స్యకన్య జుట్టులో ఒక్కో గీత ఉలి మొదలెట్టిన చోట సన్నగా, నడుమ లావుగా, చివర మళ్లీ సన్నగా ఉంది. ఇదంతా రేకు మీద తిరగేసి చెక్కాలి, అక్షరాలతో సహా. నర్సింగ అన్న పేరు కూడా ఎవరో కుడి నుంచి ఎడమకు చెక్కినదే. తళ్లికోట యుద్ధం 1565లో జరిగింది. ఆంట్వెర్ప్‌లో ఇది అచ్చయ్యేసరికి విజయనగరం ధ్వంసమై ఐదేళ్లయింది.

ఈ పటాలకు రంగులు చేత్తోనే వేసేవారు. ఓర్టేలియస్ కూడా మొదట్లో పటాలకు రంగులద్దిన మనిషే. ఆ రోజుల్లో రాగితో చేసిన ఆకుపచ్చ రంగు కాలం గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుందనీ, ఎవరైనా పాత రంగు పటం అమ్మజూపితే తిరగేసి ఆకుపచ్చ వేసిన చోట గోధుమ రంగు మరక దిగిందేమో చూడమనీ చెప్పింది. ఆ మరక మాత్రమే చూసి నమ్మొద్దట.

గంటన్నర ఎలా గడిచిందో తెలియదు. ఫ్లాష్ లేకుండా నాలుగు ఫోటోలు తీసుకున్నాను. నా దగ్గరున్న కాగితం సంగతి చెప్పి ఫోనులో చూపిస్తే, వస్తువులకు ధర కట్టడం, ధ్రువీకరించడం తమ పని కాదని మర్యాదగా చెప్పి, మళ్లీ ఒకసారి ఫోను వైపు చూసి, "మత్స్యకన్య బాగా వచ్చింది" అంది.

ఇంటికొచ్చాక పటాన్ని మళ్లీ ఫ్రేములో పెట్టే ముందు, వెనక ఖాళీగా ఉన్న వైపు పెన్సిల్‌తో "నకలు, 40 డాలర్లు" అని రాశాను. కుర్చీలు ఇంకా కొనలేదు.