మా చూరులో నలభై మూడు గబ్బిలాలు

మహారాణిపేటలో మాది నాన్నగారు కట్టించిన ఇల్లు. ముందు భాగం డాబా, వెనక రెండు గదులు బెంగుళూరు పెంకులు, వాటి కింద చెక్క సీలింగ్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పెంకులు సగం ఎగిరిపోయాయి. అప్పట్లో విశాఖలో మేస్త్రీ దొరకడమే గగనం. దొరికినాయన చేతికందిన పెంకులు సర్ది వెళ్లిపోయాడు. గోడకీ చివరి వరస పెంకులకీ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు మిగిలింది. దాన్ని మేమెవరం పట్టించుకోలేదు.

మొన్న ఏప్రిల్‌లో వెనక గది మంచం మీద నల్లటి గింజల్లాంటివి కనిపించాయి. ఎలకలనుకుని బోను పెట్టాను. బోనులో టమాటా ముక్క ఎండిపోయింది కానీ ఎలక పడలేదు. మా వీధిలో జువాలజీ చెప్పి రిటైరైన మాస్టారొకరున్నారు. ఆయన ఒక గింజని కాగితం మీద పెట్టి అగ్గిపుల్లతో నొక్కారు. పొడిపొడిగా రాలిపోయింది. వెలుగులో పెట్టి చూస్తే పొడిలో సన్నటి తళుకులు.

"పురుగుల రెక్కల ముక్కలు. ఎలక పెంటికలు ఆరితే గట్టిపడతాయి, ఇలా పొడి కావు. ఇవి గబ్బిలాలవి" అన్నారు.

అమ్మ వెంటనే "ఇంట్లో గబ్బిలం తిరిగితే అరిష్టం రా" అని పంతులుగారికి ఫోన్ చేసింది. మా ఆవిడకి నిపా టెన్షన్. 2018లో కేరళ వార్తలు ఆమె ఇంకా మర్చిపోలేదు. నిపా వైరస్ ప్రధానంగా దొరికింది చెట్లకి వేలాడే పెద్ద పండ్ల గబ్బిలాల్లోనని, మన చూరులో ఉన్నవి అగ్గిపెట్టెలో పట్టేంత చిన్నవి, పురుగులు తినే రకమని మాస్టారు నచ్చజెప్పారు. ఇవి దోమల్ని కూడా తింటాయి, వైర్లు కొరకవు, చెక్క తొలచవు. అలాగని వాటిని నెత్తి మీద పెట్టుకుని పడుకోలేం కదా.

తొందరపడ్డది నేనే. కలరా ఉండలు పెట్టాను, సాంబ్రాణి పొగ వేశాను. ఇల్లంతా దగ్గులే తప్ప అవి కదల్లేదు. మేస్త్రీని పిలిస్తే "ఏటి బాబూ, చారెడు సిమెంటు పెట్టేస్తే అయిపోద్ది" అన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకి సందు మూసేశాడు. గబ్బిలాలు పగలు లోపలే ఉంటాయన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

రాత్రి ఎనిమిదింటికి సీలింగ్ చెక్కల మధ్య నుంచి ఒక్కొక్కటే గదిలోకి దిగాయి. అమ్మ కేకలు, పిల్లలు మంచం కింద. తిరుగుతున్న ఫ్యాన్ తగిలి ఒకటి కింద పడింది. పలచటి తువ్వాలుతో పట్టుకోబోతే చూపుడు వేలు కొరికింది. సూది గుచ్చినట్టయింది. రక్తం చుక్క చూస్తే కానీ అది కాటని నమ్మలేదు.

మాస్టారు పరుగున వచ్చి ముందు ఫ్యాన్ ఆపించారు. గదిలో లైట్లు తీసి, మిగతా గదుల తలుపులు మూసి, పెరటి కిటికీలు బార్లా తెరిచారు. పావుగంటలో అన్నీ వాటంతటవే వెళ్లిపోయాయి. చీపురు పట్టుకుని తరమడం కంటే ఇది ఎంత తేలికో!

నా వేలిని పదిహేను నిమిషాలు కొళాయి ధార కింద సబ్బుతో కడిగించి, ఆ రాత్రే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంత చిన్న గాటుకి ఇంజెక్షన్లెందుకని నేను నసిగాను. డాక్టర్ ససేమిరా అన్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు, కాబట్టి అడవి జంతువు కాటుని గాటు సైజు బట్టి లెక్కెయ్యకూడదట. రక్తం వచ్చింది కాబట్టి గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) ఇచ్చారు. అదే నొప్పి. టీకా రెండు జబ్బలకీ, మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. నాలుగు డోసులూ వేయించుకున్నాను.

తెల్లారి మేస్త్రీ చేతే సిమెంటు తీయించాను. "నిన్న పెట్టమన్నారు, నేడు తీయమంటన్నారు" అని నవ్వి రెండు రోజుల కూలీ తీసుకున్నాడు.

వారం తర్వాత గది మూల చింతగింజంత పిల్ల, ఒంటి మీద నూగు కూడా లేదు, కళ్లు తెరవలేదు. ఈసారి తోలు గ్లవుజు వేసుకుని పాత గుడ్డతో ఎత్తి, గోనె ముక్క కట్టిన పెట్టెలో పెట్టి సందుకి దగ్గరగా గోడకి వేలాడదీశాను. రాత్రి పదింటికి ఒక గబ్బిలం దాని మీద వాలింది. తెల్లారి చూస్తే పెట్టె ఖాళీ. సిమెంటు అలాగే ఉంచి ఉంటే సీలింగ్‌లో ఎన్ని పిల్లలు కుళ్లి ఉండేవో.

పిల్లలు ఎగిరేదాకా ఆగమన్నారు మాస్టారు. ఆ గదిలో పడక మానేసి, సీలింగ్ చెక్కల సందులకి టేపు వేసి, సాయంత్రాలు ఇద్దరం పెరట్లో కుర్చీలు వేసుకుని లెక్కపెట్టాం. ఒకరు దక్షిణం మూల, ఒకరు పడమర. అన్నీ ఆ ఒక్క సందు నుంచే, చీకటి పడుతుండగా, ఒకదాని వెనకొకటి. మొదటి లెక్క నలభై మూడు. జూలైకల్లా పగటిపూట పిల్లల కిచకిచలు ఆగిపోయాయి.

అప్పుడు వల కట్టాం. చవగ్గా దొరుకుతుందని ఫిషింగ్ హార్బర్‌లో చేపల వల కొనబోతే మాస్టారు ఆపేశారు. ఆ కళ్లలో రెక్కలు చిక్కుకుంటాయట. కిటికీలకి వేసే దోమల మెష్ తీసుకుని, సందు మీద పైనా రెండు పక్కలా బిగించి, కింద రెండడుగులు వదులుగా వేలాడనిచ్చాం. బయటికొచ్చే గబ్బిలం గోడ పట్టుకుని కిందికి పాకి, మెష్ అంచున జారి ఎగిరిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు నేరుగా సందు దగ్గరికే వచ్చి మెష్‌కి తగిలి ఆగిపోతుంది. కింద నుంచి దూరాలన్న ఆలోచన దానికి రాదు. మధ్యలో రెండు రాత్రులు వాన పడి అవి బయటికే రాలేదు. అందుకని వారం అనుకున్నది పది రోజులుంచాం. చివరి మూడు సాయంత్రాలు ఒక్కటీ రాలేదు. అప్పుడే సిమెంటు. అదే మేస్త్రీ.

శుభ్రం చేయడం నేను అనుకున్నంత తేలిక కాదు. ఎండిన రెట్టల దుమ్ములో ఊపిరితిత్తులకి పట్టే ఫంగస్ ఉండొచ్చు. అందుకే పొడిగా ఊడ్చకూడదు. ఎన్95 మాస్కు, గ్లవుజులు వేసుకుని నీళ్లు చల్లి బాగా నానాక రేకుతో గీకి తీశాను. రెండు బస్తాలు! మల్లె మొక్కకి వేస్తానని అమ్మ అడిగింది. ఒప్పుకోక గొయ్యి తీసి పూడ్చేశాను. ఇప్పటికీ ఆ విషయంలో నా మీద కోపమే.

నిన్న సాయంత్రం అమ్మ పెరట్లో కూర్చుని చూరు వైపు చూస్తోంది.

"అవి ఎటు పోయాయి రా?"

ఎదురుగా అపార్ట్‌మెంటు రెండు బ్లాకుల మధ్య సందు చూపించాను.

"వాళ్లకి చెప్పావా?"

"ఇంకా లేదమ్మా."