సమ్మె రోజు కోత, రిటైరయ్యాక వచ్చే పెన్షన్

బ్రిటన్ యూనివర్సిటీ ఉద్యోగి పేస్లిప్‌లో యూఎస్ఎస్ (యూనివర్సిటీ ఉద్యోగుల పెన్షన్ పథకం) అని కోత కనబడుతుంది. దానికి బదులు ఏం వస్తుందో ప్రతివాళ్లూ ఒకసారి లెక్క వేసుకోవాలి. ఏడాది జీతాన్ని 75తో భాగిస్తే వచ్చేది ఆ ఒక్క ఏడాది పనికి, రిటైరయ్యాక బతికున్నన్నాళ్లూ ఏటా అందే పెన్షన్. 45,000 పౌండ్లకు 600. దానికి మూడు రెట్లు ఒకేసారి చేతికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఆ 75ని 85 చేశారు, పైగా ఈ లెక్కను జీతంలో మొదటి 40,000కే పరిమితం చేశారు. 600 కాస్తా 470కి దిగింది. మిగతా 5,000 మీది చందా మార్కెట్ పెట్టుబడికి పోయేది, అక్కడ హామీ ఏమీ ఉండేది కాదు.

ధరలతోపాటు పెన్షన్ పెరగడాన్ని 2.5 శాతం దగ్గర ఆపాలన్నదీ ఆ మార్పుల్లోదే. తిరిగి ఇంటికి వెళ్లాలనుకునే మనవాళ్లకు అసలు దెబ్బ ఇక్కడే. బ్రిటన్ ప్రభుత్వ పెన్షన్ ఇండియాలో ఉండేవాళ్లకు ఏటా పెరగదు, మొదట ఎంత వచ్చిందో అంతే. గుంటూరులో కూర్చుని అందుకునే మనిషికి ధరలతోపాటు పెరిగేది యూనివర్సిటీ పెన్షనే.

2018లో హామీ పెన్షన్‌నే ఎత్తేయాలని చూస్తే 14 రోజుల సమ్మె జరిగింది, ప్రతిపాదన ఆగింది. 2022 కోతలూ వరస సమ్మెల తర్వాత 2024లో రద్దయ్యాయి. ఉద్యోగి చందా 9.8 నుంచి 6.1 శాతానికి తగ్గింది. 2023 మదింపులో నిధి మిగులు చూపడమూ కలిసొచ్చింది.

వర్క్ వీసా మీద ఉన్నవాళ్ల భయం వేరు: జీతం లేని రోజులు ఎక్కువైతే స్పాన్సర్ (వీసా ఇప్పించిన యూనివర్సిటీ) ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాలి. చట్టబద్ధమైన సమ్మె రోజుల్ని ఆ లెక్కలోంచి తీసేస్తామని 2018 జులైలో ప్రభుత్వం ప్రకటించింది. చట్టబద్ధం అన్న మాటే కీలకం. ఆ సమ్మెలప్పటి చట్టం ప్రకారం పోస్టల్ బ్యాలట్‌లో సగం మంది సభ్యులైనా ఓటేసి ఉండాలి. అద్దె ఇల్లు మారి యూనియన్‌కు కొత్త అడ్రస్ చెప్పకపోతే కాగితం పాత ఇంటికి పోయేది. వేయని ఓటు సమ్మెనే ఆపేయగలిగేది.

సమ్మె చేస్తున్నట్టు ముందే చెప్పక్కర్లేదు, తర్వాత అడిగితే నిజం చెప్పాలి. సమ్మె రోజుకు జీతం కోయడానికి ఏడాది జీతాన్ని 365తో భాగించారా, పనిదినాల లెక్కన 260తోనా చూడండి: 45,000 జీతానికి 123 పౌండ్లకూ 173కూ తేడా ఉంది. ఏడాది జీతపు కాంట్రాక్టుపై ఉన్న టీచర్ల కేసులో 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టు 365 వైపే తీర్పిచ్చింది.