మోకాలి వెనక లింఫ్ నోడ్స్ అని రిపోర్టులో రాస్తే కంగారు పడకండి

మోకాలి నొప్పికని ఎంఆర్ఐ తీయించుకుంటే రిపోర్టులో ఓ మూల "పాప్లిటియల్ లింఫ్ నోడ్స్ కనిపిస్తున్నాయి" (అంటే మోకాలి వెనక ఉండే చిన్న శోషరస గ్రంథులు) అని ఒక లైను ఉంటుంది, అది చదివి క్యాన్సరేమోనని నిద్ర మానేసిన పెద్దవాళ్లని చాలామందిని చూశా, అందుకే ఇది రాస్తున్నా.

మోకాలి వెనక గుంటలో ఉండే కొవ్వులో, రక్తనాళాల పక్కన ఈ నోడ్స్ మామూలుగా ఉండేవే. పాదం బయటివైపు నుంచి, మోకాలి కీలు నుంచి వచ్చే లింఫ్‌ని, అంటే కణజాలాల్లోంచి వచ్చే పలచటి ద్రవాన్ని, వడకట్టడం వీటి పని. సైజు అర సెంటీమీటరు అటూ ఇటూ, చిక్కుడు గింజలా ఒక పక్క నొక్కు, ఆ నొక్కు దగ్గర కాస్త కొవ్వు.

వయసు పెరిగేకొద్దీ ఆ కొవ్వు పెరిగి చుట్టూ ఉండే అసలు కణజాలం పలచబడుతుంది. అందుకే పెద్దవాళ్ల స్కాన్‌లో టీ-వన్ బొమ్మల్లో (కొవ్వు తెల్లగా కనిపించే ఒక రకం ఎంఆర్ఐ బొమ్మలు) మధ్యభాగం తెల్లగా, చుట్టూ సన్నటి బూడిదరంగు అంచు కనిపిస్తుంది, ఫ్యాట్ సప్రెషన్ (కొవ్వు నుంచి వచ్చే సిగ్నల్‌ని అణిచేసే పద్ధతి) పెట్టిన బొమ్మలో అదే తెలుపు నల్లబడిపోతుంది, అంటే అది కొవ్వేనని తేలిపోయినట్టే. కొవ్వు చేరి నోడ్ మొత్తం కాస్త పెద్దగా అనిపించొచ్చు కూడా, కాబట్టి సైజు ఒక్కటే పట్టుకుని భయపడొద్దు ప్లీజ్.

గుండ్రంగా మారి, మధ్యలో కొవ్వు మాయమై, అంచు మందమైతే అప్పుడు డాక్టర్లు ఆలోచిస్తారు. అప్పుడైనా ముందు అడిగేది కాలికి పుండో ఇన్ఫెక్షనో ఉందా, కీళ్లవాతం ఉందా అనే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం పాదాలు కూడా ఓసారి డాక్టర్‌కి చూపించండి.