బ్యాక్టీరియా ఈజా, ఆరా? లాటిన్ బహువచనాల దగ్గర మార్కులు పోకుండా

అనంతపురం, కడప, కర్నూలులో బ్యాంకు, ఎస్సెస్సీ పరీక్షలకు చదువుతున్న తెలుగు మీడియం మిత్రుల కోసం ఇది. బహువచనాన్ని ఏకవచనంగా వాడే ఈ తప్పు ఇంగ్లిష్‌లో కాదు, మన తెలుగులోనే మొదలవుతుంది. 'ఒక బ్యాక్టీరియా', 'సెలెక్షన్ క్రైటీరియా ఏంటి' అని రోజూ అంటుంటాం. రెండూ బహువచనాలే, మన నోట ఏకవచనాలైపోయాయి. అందుకే స్పాటింగ్ ఎర్రర్స్‌లో (వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో) 'ది బ్యాక్టీరియా ఈజ్', 'దిస్ క్రైటీరియా' అని వస్తే చెవికి తేడా తెలియదు. ఒక్కటైతే బ్యాక్టీరియమ్, క్రైటీరియన్. క్రైటీరియన్, ఫినామినన్ అసలు గ్రీకు మాటలు, వాటికీ బహువచనంలో చివర 'ఆ'యే.

అజెండా మాత్రం వేరు. లాటిన్‌లో బహువచనమైనా ఇంగ్లిష్‌లో ఏకవచనమే, 'అజెండాస్' కూడా ఒప్పే. డేటాకు ఈజ్, ఆర్ రెండూ వాడుకలో ఉన్నాయి. కాబట్టి డేటా కనిపించగానే తప్పని గుర్తు పెట్టేయకుండా వాక్యంలో మిగతా భాగాలు చూడండి. 'డేటాస్' మాత్రం ఎప్పుడూ తప్పే.

ఎక్కువమంది పడేది 'అస్' దగ్గర. మన శెనక్కాయ చేలల్లో వచ్చే తిక్క ఆకుమచ్చ తెగులునే తీసుకోండి. ముందుగా వచ్చే మచ్చకు ఒక ఫంగస్, ఆలస్యంగా వచ్చే మచ్చకు ఇంకో ఫంగస్ కారణం. రెండూ కలిపితే ఫంగై. అదే చేలో గొంగళి పురుగు ఒకటైతే లార్వా, మందగా పడితే లార్వీ. ఇంతవరకు సులువే. ఇక్కడి నుంచి చివర 'అస్' ఉన్న ప్రతిదానికీ 'ఐ' తగిలిస్తేనే చిక్కు. లాటిన్‌లో 'అస్' మాటలన్నీ ఒకే గణం (రూపాలు ఒకేలా మారే మాటల గుంపు) కావు. జీనస్‌కు జెనెరా, కార్పస్‌కు కార్పొరా. సెన్సస్, స్టేటస్, ప్రాస్పెక్టస్ నాలుగో గణానివి, వాటికి లాటిన్‌లోనే 'ఐ' లేదు. అందుకే సెన్ససెస్, ప్రాస్పెక్టసెస్. వైరస్‌కు వైరసెస్. ఇగ్నొరేమస్ అయితే లాటిన్‌లో నామవాచకమే కాదు, 'మాకు తెలియదు' అనే క్రియ; ఇగ్నొరేమసెస్ అనాలి. సిలబస్‌కు సిలబై, సిలబసెస్ రెండూ సరే.

క్రైసిస్, క్రైసీస్ మధ్య స్పెల్లింగ్‌లో తేడా ఒక్క అక్షరమే: 'ఐ' (i) పోయి 'ఇ' (e) వస్తుంది. కంప్యూటర్ స్క్రీన్ మీద తొందరలో అది కంటికి ఆనదు. థీసిస్, అనాలిసిస్ అంతే. కాబట్టి ముందు క్రియ చూసి, వెనక్కి వచ్చి ఆ అక్షరం చూడండి.

అర్థాన్ని బట్టి మారేవీ ఉన్నాయి. పురుగు మీసాలు యాంటెన్నీ, ఇంటిమీదివి యాంటెన్నాస్.

జాబితా బట్టీ పట్టకండి, క్రియతో జంటగా రాయండి: 'ఎ స్ట్రాటమ్ ఈజ్, స్ట్రాటా ఆర్'. కడప బండలో ఒక పొర స్ట్రాటమ్, పొరలన్నీ స్ట్రాటా. రోజుకు ఐదు జంటలు చాలు, ప్రతిసారీ ఏకవచనం ముందు రాయాలి, ఎందుకంటే మనకు రానిది అదే.