గట్టు మీద గ్లైరిసీడియా: మూడో వానాకాలం

మాది వికారాబాద్ వైపు ఎకరం ఎర్ర చల్క. సెలవురోజుల సేద్యం కాబట్టి ప్రయోగాలకు అడ్డు చెప్పేవారు లేరు. గట్ల పొడవునా అర మీటరుకొకటి చొప్పున పచ్చిరొట్ట ఎరువు కోసం పెంచే గ్లైరిసీడియా చెట్లు, లోపల కంది.

మృగశిర: చెట్లన్నిటినీ నడుమెత్తున నరికాను. ఆకు, లేత రెమ్మలు సాళ్ల మధ్యకు, లావు కర్రలు పొయ్యిలోకి. యూరియా బస్తా ఇక కొననక్కర్లేదని ఆశపడేవారు ఒక లెక్క వేసుకోవాలి. పచ్చి ఆకులో ముప్పాతిక వంతు నీరే. ఎండిన ఆకులో నత్రజని సుమారు 2.4 శాతం. క్వింటాల్ పచ్చిరొట్ట వేస్తే అందేది అర కిలో పైచిలుకు నత్రజని, అంటే కిలోకు కాస్త మించిన యూరియాతో సమానం. భాస్వరం మరీ తక్కువ, 0.1 శాతం దగ్గర. పశువుల ఎరువు అందుకే ఆపలేదు.

అయినా నరకడం నేల మీద కప్పు కోసం. మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. ఇలాంటి నేలల్లో సేంద్రియ కర్బనం 0.5 శాతం దాటడమే కష్టం. చినుకులు నేరుగా తగిలితే పైమట్టి చెదిరి, ఆరగానే అట్ట కడుతుంది.

ఆరుద్ర: కప్పు వేసిన చోటి నుంచి ఒకటి, వేయని చోటి నుంచి ఒకటి, రెండు మట్టిపెళ్లలు ఎండబెట్టి గాజు గ్లాసుల నీళ్లలో వదిలాను. ఖర్చులేని పరీక్ష. కప్పులేని చోటిది చూస్తుండగానే విడిపోయి నీళ్లను ఎర్రగా చేసింది. రెండోది అంచులు రాలినా ముద్దగానే నిలిచింది. చెదలు పడతాయని అందరూ భయపెట్టారు. పట్టాయి, ఎండు పుల్లలు తిన్నాయి, కంది జోలికి రాలేదు.

మఖ: అసలు తగాదా ఇక్కడే. చెట్లు మళ్లీ గుబురెక్కాయి, గట్టు పక్క రెండు సాళ్లు గిడసబారాయి. "చెట్టును పెంచుతున్నావా, కందిని పెంచుతున్నావా బిడ్డా?" అన్నాడు పక్కచేను పెద్దాయన. ఆ ప్రశ్నలో న్యాయముంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో 1980ల్లో సుబాబుల్ చెట్ల వరుసల మధ్య పంటలు వేసి చూసినప్పుడు, వేళ్లు తేమ కోసం పోటీపడి దిగుబడి తగ్గించాయి. మెట్ట చేలో చెట్టు గట్టుమీద ఉండటమే మేలని నా అభిప్రాయం, అదీ కత్తి ఆలస్యం కాకుండా. కొమ్మలు నరికితే వేళ్లలోనూ కొంత భాగం చచ్చి మట్టిలో కలుస్తుంది, నీటి లాగుడు తగ్గుతుంది.

వెంటనే రెండో కోత కోసి, చెట్ల వేళ్లు చేనులోకి రాకుండా గట్టుకు లోపలివైపు అడుగు లోతు కాలువ తవ్వాను. తవ్వితే తేడా తెలిసింది: కొమ్మ ముక్క నాటిన చెట్ల వేళ్లు పైపైనే చేనులోకి పాకాయి, విత్తనం నుంచి పెంచినవాటికి తల్లివేరు కిందికి దిగింది. తొందర లేనివారు విత్తనమే వేసుకోండి. వేరు బుడిపెలను గోటితో చీల్చితే లోపల గులాబీ రంగు. నత్రజని స్థిరీకరణ, అంటే గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే పని, సాగుతోందన్నమాట.

చెట్టు గట్టుమీదే మేలన్నా, చేను నడుమ ఉన్న జమ్మిని మాత్రం ముట్టలేదు. రాజస్థాన్‌ రైతులు సజ్జ చేలల్లో దాన్ని కావాలనే ఉంచుతారు.

మూడో కోత హస్తలో. ఆ ఆకు సగం వంకాయ మడిలో పూడ్చి, సగం పైనే పరుస్తాను. పూడ్చింది త్వరగా కుళ్లుతుంది, పైది తేమను ఎక్కువ రోజులు కాపాడుతుంది. కంది కోశాక గట్టు పక్కన, కప్పు కింద, కప్పులేని చోట విడివిడిగా 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి పరీక్షకు పంపాలి.